ఫీబీ హర్స్ట్ ఎవరు? పత్రికల యజమాని విలియం రాండాల్ఫ్ హర్స్ట్ తల్లి అని తప్ప ఆమె గురించి చెప్పుకోవడానికి ఏమైనా ఉందా?

చాలానే ఉంది. ఫీబీ 1842లో అమెరికాలోని మిస్సోరిలో పుట్టింది. వలస వచ్చి స్థిరపడిన రైతు కుటుంబం. కొన్నాళ్లు బడిలో పాఠాలు చెప్పింది. 1862లో తనకంటే ఇరవై ఏళ్లకు పైగా పెద్దవాడైన జార్జ్ హర్స్ట్‌ను పెళ్లి చేసుకుని శాన్ ఫ్రాన్సిస్కో వెళ్లింది. ఆయన గనుల్లో బాగా సంపాదించి, తర్వాత కాలిఫోర్నియా తరఫున అమెరికా సెనేటర్ అయ్యాడు.

1891లో జార్జ్ చనిపోతూ ఆస్తంతా కొడుక్కి కాకుండా భార్యకే రాశాడు. నా లెక్కలో ఆమె అసలు కథ ఇక్కడే మొదలవుతుంది. అప్పటికే పేద పిల్లల కిండర్‌గార్టెన్లకు డబ్బిస్తున్న ఆమె, 1897లో ఆలిస్ బర్నీతో కలిసి తల్లుల జాతీయ సంఘం పెట్టింది. అమెరికా స్కూళ్లలో ఇప్పుడు కనిపించే పీటీఏకి, అంటే తల్లిదండ్రులు, టీచర్ల సంఘానికి, మూలం అదే. అదే ఏడాది కాలిఫోర్నియా యూనివర్సిటీ పాలకమండలిలో తొలి మహిళగా అడుగుపెట్టి, చనిపోయేదాకా కొనసాగింది. ఆ యూనివర్సిటీ ఉన్న బర్క్‌లీలో అమ్మాయిలకు స్కాలర్‌షిప్‌లు ఇచ్చింది. 1901లో ఆ యూనివర్సిటీ మొదలుపెట్టిన మానవశాస్త్ర మ్యూజియం కూడా ఆమె చలవే. భర్త గుర్తుగా కట్టించింది మాత్రం గనుల ఇంజనీరింగ్ భవనం. ఆ డబ్బు ఎక్కడిదో మర్చిపోలేదన్నమాట!

1919లో, ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి రోజుల్లో, ఆ జబ్బుతోనే కన్నుమూసింది.