వెండి పనంతా అయ్యాకే దంతం

చేతిపని: ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: అలాస్కా వెళ్ళినప్పుడు మామత్ (ఎప్పుడో అంతరించిన, ఏనుగు జాతి జంతువు) దంతం ముక్క కొన్నాను. కోలగా ఉంది, 25 × 18 మిల్లీమీటర్లు, మందం 4. వెండిలో అకీకు (అగేట్) రాళ్ళు పొదగడం వచ్చు. లాకెట్ చేయాలనుకుంటున్నాను. అదే పద్ధతి సరిపోతుందా?
— ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: వెండి వరకు అదే పద్ధతి. తేడా అంతా దంతంతోనే. శిలాజ దంతం అంటారు గానీ అది రాయిగా మారిపోయింది కాదు. వేల ఏళ్ళు గడ్డకట్టిన నేలలో ఉండి దాదాపు దంతంగానే మిగిలింది. వేడి తగిలితే పగులుతుంది, ఆమ్లం తగిలితే కరుగుతుంది, గాలిలో తేమను బట్టి ఉబ్బుతుంది, కుదించుకుంటుంది. అందుకే టంకం, ఆ తర్వాత వెండిని శుభ్రం చేసే ఆమ్లం, మెరుగు, నల్లరంగు అన్నీ ముగిసేదాకా దంతం పెట్టెలోనే ఉండాలి.

ముందు ముక్కను సిద్ధం చేయండి. అంచును కింది నుంచి 2 మి.మీ. నిటారుగా ఉంచి, అక్కడి నుంచి పైకి గుండ్రంగా తీయండి. నీటి కాగితంతో (తడిపి రుద్దే గరుకు కాగితం) రుద్దండి: 220 నంబరు, తర్వాత 400, 600, 1200, చివర 2000. కాగితం తడిస్తే చాలు, ముక్కను నీళ్ళలో నానబెట్టకండి. పొడి రుద్దుడు అసలే వద్దు, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. తడిగా చేసినా ఎన్95 మాస్కు పెట్టుకోండి. సన్నటి పగుళ్ళుంటే పల్చటి సూపర్ గ్లూ ఒక్కో చుక్క వదలండి, అదే లోపలికి పీల్చుకుంటుంది. మర్నాడు మళ్ళీ 600 నుంచి మొదలుపెట్టండి.

ఇక బెజెల్, అంటే చుట్టూ లేచే వెండి గోడ. 999 వెండి (దాదాపు స్వచ్ఛమైనది) పట్టీ, 28 గేజ్ (0.32 మి.మీ.), ఎత్తు 3 మి.మీ. పొడవు లెక్క: 25, 18ల సగటు 21.5. దానికి పట్టీ మందం కలిపి 3.14తో గుణిస్తే 68.5 మి.మీ. అకీకుకైతే అక్కడే కోస్తాం. దంతానికి 69 దగ్గర కోయండి. ఆ అర మిల్లీమీటరు ముక్క ఊపిరి పీల్చుకోవడానికి. బిగుతుగా కూర్చోబెట్టి మురిసిపోయిన లాకెట్ తేమ పెరిగిన రోజుల్లో మధ్యకు చీలుతుంది.

గోడ అతుకుకు గట్టి టంకం, గోడను 24 గేజ్ 925 వెండి (92.5 శాతం వెండి) అడుగుపలకకు అతికేందుకు మధ్యరకం, పైన వేలాడే కొక్కేనికి మెత్తటి టంకం. ఈ వరస తప్పితే రెండో వేడికి మొదటి అతుకు ఊడుతుంది. వెలిగారం నీళ్ళలో అరగదీసి అతుకుల మీద రాయండి. మంటను గోడ మీదకు తిప్పకండి, పలకను కింద నుంచే వేడిచేయండి. గోడ పలకకన్నా పల్చన, టంకం పరుగెత్తే లోపే ముడుచుకుపోతుంది.

టంకం పెట్టే ముందే పలక మధ్యలో 5 మి.మీ. రంధ్రం కోసి ఉంచండి. ముక్క పొరపాటున లోపల ఇరుక్కుంటే వెనక నుంచి నెట్టొచ్చు. సరిచూసేటప్పుడు ముక్క కింద దారం వేసుకుంటే ఇంకా మేలు, రెండు కొసలూ పట్టి లాగితే పైకి వస్తుంది.

పొదిగేటప్పుడు దంతం మీద కాగితపు టేపు అంటించండి. అకీకు మీద ఆకురాయి జారినా గీత పడదు. దంతం మాత్రం వెండి అంత మెత్తన, ఒక్క జారుడు చాలు. పై, కింద, కుడి, ఎడమ నాలుగు చోట్లా గోడను కొంచెం కొంచెం లోపలికి వంచి, తర్వాత వాటి మధ్య చోట్లు. ఒకవైపే తోసుకుంటూ పోతే చివర మిగిలిన వెండి మడత పడుతుంది.

ప్రశ్న: లాకెట్ చేసి నెల అయింది. దంతం అంచు వెంట సున్నం పూసినట్టు తెల్లటి గీత వచ్చింది. తుడిచినా పోవడం లేదు.
— ఒక పాఠకుడు, శాన్ ఆంటోనియో

జవాబు: మరక అయితే తుడిస్తే పోతుంది. ఇది దంతం కరిగిన చోటు. టంకం అయ్యాక వెండిని ఆమ్లంలో వేశారు, పైపైన కడిగారు. గోడకూ పలకకూ మధ్య సందులో మిగిలిన ఆమ్లం మెల్లగా పైకి పాకి దంతాన్ని తిన్నది. ఈసారి ఆమ్లం నుంచి తీయగానే వంటసోడా కలిపిన వేడినీళ్ళలో పది నిమిషాలుంచి, పాత టూత్‌బ్రష్‌తో సందులు రుద్ది, ఒక రోజంతా ఆరనివ్వండి. ఇప్పుడున్న ముక్కకు గోడ విప్పి, అంచు మళ్ళీ 600తో రుద్దడమే దారి. ఆ రుద్దుడుకు ముక్క కాస్త చిన్నదవుతుంది, గోడ కూడా కొత్తదే చేయాల్సి రావచ్చు.

అన్నట్టు, ఆమ్లంలోకి ఇనుప పట్టకారు పెట్టకండి, వెండి మీద రాగి పూత పడుతుంది.

ప్రశ్న: పొదిగాక వెండికి మెరుపు రావాలని గుడ్డ చక్రం మీద ఎర్ర పాలిష్‌తో తిప్పాను. వెండి మెరిసింది, దంతంలో సన్నటి నల్ల గీతలు కనబడుతున్నాయి.
— అదే పాఠకుడు

జవాబు: అవి పాత పగుళ్ళే. వెండి నుంచి రాలిన నల్లమడ్డి, ఎర్రపొడి వాటిలోకి దూరాయి. చక్రం వేడికి ఇంకా వెడల్పయి ఉంటాయి కూడా. బయటికి తీయడం కష్టం. ఈ రంగు పాతకాలపు అందమని అమ్మేవాళ్ళున్నారు, ఆ మాట మీరు నమ్మాల్సిన పని లేదు. వెండి మెరుగు పొదగక ముందే ముగించండి. గంధకపు నల్లరంగు వేసే పనుంటే అదీ అప్పుడే. పొదిగాక చేత్తో, వెండి తుడిచే గుడ్డ చాలు, దంతం మీద మైక్రోక్రిస్టలైన్ మైనం పల్చగా.

ప్రశ్న: ఇది నిజంగా మామతేనా, ఏనుగుదా ఎలా తెలుస్తుంది? హైదరాబాద్ తెచ్చి అమ్మొచ్చా?
— ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

జవాబు: అడ్డంగా కోసిన ముఖం చూడండి. బయటి బెరడుకు దగ్గరగా, అల్లినట్టు ఒకదాన్నొకటి దాటే గీతలుంటాయి, వాటిని ష్రెగర్ గీతలంటారు. అక్కడి కోణం 90 డిగ్రీల లోపుంటే మామత్, 115 దాటితే ఏనుగు. నిలువుగా కోసిన పలకలో ఈ కోణం దొరకదు. నీలపు మచ్చలుంటే అవి నేలలోని ఇనుము, దంతంలోని ఫాస్ఫేటు కలిసి ఏర్పడిన వివియనైట్, పాతిపెట్టి ఉన్న దంతానికి గట్టి గుర్తు. వాల్రస్ దంతం అయితే లోపలి భాగం జావ గడ్డకట్టినట్టు గింజలు గింజలుగా ఉంటుంది. కాల్చిన సూదితో గుచ్చి చూసే పరీక్ష చేయకండి, వస్తువు పాడవుతుంది.

ఇక అమ్మకం: భారతదేశంలో కుదరదు. మామత్ దంతం కూడా దంతమేనని 2003లో సుప్రీంకోర్టు తేల్చింది. మీరున్న న్యూజెర్సీలోనూ, న్యూయార్క్, కాలిఫోర్నియాల్లోనూ మామత్ దంతం అమ్మకంపై రాష్ట్ర చట్టాల ఆంక్షలున్నాయి. మెడలో వేసుకుని విమానం ఎక్కే ముందు కూడా కస్టమ్స్ నిబంధనలు కనుక్కోండి. ఊళ్ళో ఇలాంటి పని చేసి అమ్మాలనుకుంటే గేదె కొమ్ము, ఎముక ఉన్నాయి. మన శ్రీకాకుళానికి ఆనుకునే ఉన్న పర్లాకిమిడిలో కొమ్ము పని పేరున్న విద్య. పైన చెప్పిన కొలతలు, టంకం వరస వాటికీ పనికొస్తాయి.

ప్రశ్న: లాకెట్ వెండి నల్లబడితే చింతపండుతో తోమొచ్చా?
— ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: వద్దు. చింతపండు ఆమ్లమే. విబూది గీతలు పెడుతుంది, అల్యూమినియం కాగితం, సోడా, వేడినీళ్ళ చిట్కా దంతాన్ని నానబెడుతుంది. పొడి వెండి గుడ్డ ఒక్కటే. దాచేటప్పుడు నల్లబడకుండా సిలికా జెల్ పొట్లం పడేస్తుంటారు, అది దంతంలోని తేమను లాగేసి పగలగొడుతుంది. దాని బదులు నలుపు పట్టనివ్వని కాగితం చుట్టి, మూత బిగుసుకునే డబ్బాలో పెట్టండి.