లెవీ ఉన్నా ఫ్లడ్ పాలసీ మానేయకండి

అమెరికాలో టెక్సాస్‌లోని షుగర్‌ల్యాండ్‌లో లెవీ (నది వరదను ఆపే కట్ట) లోపల ఇల్లు, లోన్‌వాళ్లు అడగలేదు, ఫ్లడ్ పాలసీ (వరద బీమా) మానేయొచ్చా అన్నారు కదండీ. వద్దండీ, దయచేసి మానేయకండి. బ్రాజోస్ నది పొంగితే కట్ట గేట్లు మూసేస్తారు. అప్పుడు లోపల పడిన వాన నీళ్లు పంపులతోనే బయటికి పోవాలి. 2017లో హార్వీ తుపాను వానకు కట్ట తెగకుండానే మన ఫోర్ట్‌బెండ్ కౌంటీలో కొన్ని ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. మామూలు హోమ్ ఇన్సూరెన్స్ దీనికి పైసా ఇవ్వదు.

ప్రీమియం టెన్షన్ అయితే డిడక్టిబుల్ (నష్టంలో మన జేబులోంచి పెట్టుకునే భాగం) పెంచి చూడండి, ఎలివేషన్ సర్టిఫికెట్ (ఇల్లు ఎంత ఎత్తులో ఉందో చూపే పత్రం) ఇస్తే తగ్గుతుందేమో ఏజెంట్‌ని అడగండి. ప్రభుత్వ ఫ్లడ్ పాలసీ కొత్తగా తీసుకుంటే సాధారణంగా 30 రోజులు గడిస్తే గానీ అమల్లోకి రాదు. తుపాను సీజన్ జూన్ 1న మొదలు కాబట్టి ఏప్రిల్‌లోనే కట్టేయండి. సామాన్లకు కవరేజ్ విడిగా అడిగి తీసుకోవాలి. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ సీరియల్ నంబర్లు కనిపించేలా ఫోటోలు తీసి ఈమెయిల్లో దాచుకోండి.