క్యాంపుకు చేరాక కూడా శరణార్థి కష్టం తీరదు: చిత్తూరులో నేను దగ్గరగా చూసింది

మీరు రెండు విషయాలు అడిగారు. యుద్ధం నుంచి తప్పించుకుని ప్రాణాలతో బయటపడ్డాక శరణార్థులకు ఇంకేం కష్టాలుంటాయి అన్నది ఒకటి. మీ పక్క బిల్డింగుకు రంగులు వేయడానికి వస్తున్నవాళ్లు శ్రీలంక నుంచి వచ్చినవాళ్లని తెలిసింది, వాళ్లతో ఎలా మసలుకోవాలి అన్నది రెండోది.

నేను చిత్తూరులో పెయింటింగ్ కాంట్రాక్టులు చేస్తాను. వేలూరు మాకు గంట దూరం కూడా లేదు. అక్కడి శ్రీలంక తమిళుల క్యాంపు నుంచి మా నాన్న కాలం నుంచే మనుషులు మా దగ్గరికి పనికి వస్తున్నారు. వాళ్లలో ఒకాయన మా పెద్ద మేస్త్రీ. నేను ఆయన్ని అన్నా అనే పిలుస్తాను. ఇక్కడ రాసేది చాలావరకు ఆయన కుటుంబం గురించే. ఆయన్ని అడిగి, సరేనన్నాకే రాస్తున్నాను.

అన్నవాళ్ల ఊరు శ్రీలంక ఉత్తరాన మన్నారు పక్కన. 1990లో శ్రీలంక సైన్యానికీ, ప్రత్యేక దేశం కోసం పోరాడే తమిళ పులులకూ (ఎల్టీటీఈ) మధ్య యుద్ధం మళ్లీ మొదలైనప్పుడు ఆయనింకా బడికి వెళ్లే పిల్లాడు. అక్కడి తలైమన్నారు నుంచి మన ధనుష్కోటికి సముద్రం మీద సుమారు 30 కిలోమీటర్లే. వాళ్లమ్మ తాళి తప్ప ఒంటి మీది బంగారమంతా పడవవాడి చేతిలో పెట్టింది. వాడేమో నేవీకి భయపడి ఒడ్డుదాకా రాకుండా, నడిసముద్రంలో ఒక ఇసుక తిన్నె మీద దింపేసి, అదుగో ఇండియా అని చూపించి వెళ్లిపోయాడు. తాగడానికి నీళ్లు లేవు, ఎండకు నీడ లేదు. జాలర్లు చూసి పడవలో ఎక్కించుకునేదాకా అక్కడే. తర్వాత రామేశ్వరం దగ్గరి మండపం క్యాంపులో పేర్లు రాయించుకుని, అక్కడి నుంచి వేలూరు వైపు పంపారు.

ఇదంతా భయంకరమే. కానీ అన్న దీని గురించి పెద్దగా మాట్లాడడు. ఆయన ఇప్పటికీ బాధపడేది ఒక ఇనప్పెట్టె గురించి. ఆ రాత్రి వాళ్లమ్మ ఒక గోతంలో బియ్యం, నాలుగు బట్టలు, చెల్లెలి పాలడబ్బా వేసుకుని బయల్దేరింది. పిల్లల పుట్టినతేదీ పత్రాలు, బడి సర్టిఫికెట్లు, ఇంటి దస్తావేజు పెట్టెలోనే ఉండిపోయాయి. పిల్లల్ని బతికించుకోవాలనుకునే తల్లి ఎవరైనా బియ్యమే తీసుకుంటుంది కదా. ఇక్కడ బడిలో చేర్చేటప్పుడు, పెళ్లి రిజిస్టర్ చేయించేటప్పుడు, ఆఖరికి వాళ్ల నాన్న పోయినప్పుడు కూడా ఆ కాగితాలే అడిగారు.

పారిపోయి రావడం కొన్ని రోజుల్లో అయిపోతుంది. ఆ తర్వాత ఏ చిన్న పని చేయాలన్నా ఎవరో ఒకరు సరే అనాలి. ఆ బతుకు ఏళ్ల తరబడి, పిల్లల దాకా సాగుతుంది. మీ మొదటి ప్రశ్నకు నా జవాబు ఇదే. ఎలా ఉంటుందో చెబుతాను.

క్యాంపులో తనిఖీ రోజని ఒకటుంటుంది. అధికారులు వచ్చి ఇంటింటి లెక్క చూస్తారు. ఆ రోజు మనిషి కనబడకపోతే నెలనెలా వచ్చే సాయం ఆగుతుంది, రిజిస్టర్లో పేరుకే ఎసరు రావచ్చు. 2021లో తమిళనాడు ప్రభుత్వం ఆ సాయాన్ని ఇంటి పెద్దకు 1,500, మిగతా పెద్దవాళ్లకు 1,000, పిల్లలకు 500 రూపాయలకు పెంచింది. పది అడుగులకు పది అడుగుల గదుల్లో ముప్పై ఏళ్లుగా ఉన్నవాళ్లకు కొత్త ఇళ్లు కట్టే పని కూడా అప్పుడే మొదలైంది. వేలూరు దగ్గర మేల్మొణవూరులో ఆ కార్యక్రమం జరిగింది. ఆ ప్రభుత్వం చేసింది చిన్న పని కాదు, ఒప్పుకోవాలి. అయినా బయట ఊళ్లో సారవ కట్టి మూడో అంతస్తులో పని చేస్తున్న మనిషి తనిఖీ ఉందని ఫోన్ రాగానే బ్రష్షు కడిగి బస్సెక్కాల్సిందే. ఇది తెలియని ఓనర్లు, ఈ సిలోనోళ్లు పని సగంలో వదిలేసి పోతారని తిడుతుంటారు.

ఆధార్ ఇంకా రాని రోజుల్లో ఒకసారి తిరుపతిలో పని ఒప్పుకున్నాం. అన్నకు కొండకు నడిచి వెళ్లి తలనీలాలు ఇవ్వాలని చాలాకాలంగా మొక్కు ఉంది. బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో గది అడిగాం. కౌంటర్లో కుర్రాడు అన్న క్యాంపు కార్డు అటూ ఇటూ తిప్పి చూసి, "ఫారినరా సార్? అయితే పాస్‌పోర్టు కావాలి, ఫామ్ సి నింపాలి" అన్నాడు. ఫామ్ సి అంటే విదేశీయులు దిగితే లాడ్జివాళ్లు అధికారులకు పంపాల్సిన కాగితం. వీళ్లకు పాస్‌పోర్టు ఉండదయ్యా అన్నాను. "విదేశీ అని కార్డులోనే ఉంది, పాస్‌పోర్టు లేదంటారు, పోలీసులు అడిగితే నేనేం చెప్పాలి?" అన్నాడు. ఆ కుర్రాణ్ణి తప్పుపట్టలేను, వాడి ఉద్యోగం వాడిది. అన్న మాత్రం ఒక్క మాట వాదించకుండా కార్డు జేబులో పెట్టుకున్నాడు. "సైటులో పడుకుందాం తమ్ముడూ, తెల్లారి అలిపిరి నుంచి ఎక్కొచ్చు" అన్నాడు. అలాగే చేశాం. రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు. ఆయన బాగానే నిద్రపోయాడు, ఆయనకిది కొత్త కాదు కాబట్టి. నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే.

అనుమానం సంగతి కూడా చెప్పాలి. 1991 మే 21న శ్రీపెరంబుదూరులో తమిళ పులుల మానవబాంబు దాడిలో రాజీవ్ గాంధీ హత్య జరిగింది. ఆ ఊరు మా చిత్తూరు నుంచి చెన్నై వెళ్లే దారిలోనే ఉంది. ఆ తర్వాత కొన్నాళ్లు వీళ్ల యాస వినబడితే చాలు, పనిలోంచి తీసేసేవారని మా నాన్న చెప్పేవాడు. యాళ్‌పాణం (జాఫ్నా) వైపు తమిళం మన చెవికి మలయాళంలా వినిపిస్తుంది. అందుకని కొందరు కుర్రాళ్లు కేరళ వాళ్లమని చెప్పుకుని పని చేశారట. బాంబులకు, తుపాకులకు భయపడి పారిపోయి వచ్చినవాళ్లను, ఆ బాంబు పెట్టినవాళ్లతో కలిపి చూశారు.

ఇక చట్టం. మన దేశం 1951 శరణార్థుల ఒప్పందం మీద సంతకం చేయలేదు, శరణార్థులకంటూ ప్రత్యేక చట్టమూ లేదు. 1987 జులై 1కి ముందు ఇక్కడ పుట్టిన బిడ్డకు పుట్టుకతోనే పౌరసత్వం వచ్చేది. ఆ తర్వాత పుడితే తల్లిదండ్రుల్లో ఒకరైనా భారతీయులై ఉండాలి, 2004 డిసెంబరు నుంచి నిబంధన ఇంకా బిగిసింది. 2019లో పౌరసత్వ చట్టానికి చేసిన సవరణ పాకిస్తాన్, బంగ్లాదేశ్, అఫ్గానిస్తాన్ నుంచి వచ్చిన ముస్లిమేతరులకే, శ్రీలంక అందులో లేదు. 1986లో మండపం క్యాంపులో పుట్టిన ఒకావిడ కోర్టుకెళ్లి పాస్‌పోర్టు సాధించి, 2024 ఎన్నికల్లో ఓటు కూడా వేసింది. అన్న కొడుకు పుట్టింది 1998లో.

ఆ అబ్బాయి బీకాం ఫస్ట్ క్లాసులో పాసయ్యాడు. చెన్నైలో ఒక కంపెనీ ఇంటర్వ్యూలో సెలెక్టయ్యాడు. చేరే ముందు నింపిన ఫారంలో నేషనాలిటీ దగ్గర ఆగిపోయాడు. శ్రీలంక అని రాద్దామంటే అక్కడి కాగితం ఒక్కటీ లేదు, ఆ దేశం కంటితో చూసింది లేదు. ఇండియన్ అని రాస్తే అబద్ధం. ఉన్నదున్నట్టు చెప్పాడు, ఉద్యోగం పోయింది. మర్నాడు నా సైటుకొచ్చి నాన్న పక్కన గోడకు ఉప్పు కాగితం రుద్దుతూ నిలబడ్డాడు. క్యాంపుల నుంచి పెయింటింగ్‌కు వచ్చే కుర్రాళ్లలో డిగ్రీలు, డిప్లొమాలు ఉన్నవాళ్లు చాలామంది ఉంటారు. మీ పక్క బిల్డింగులోనూ ఉండే ఉంటారు.

అమెరికానో కెనడానో వెళ్లిపోతే బాగుంటుంది కదా అని మీరు రాశారు. దూరపు కొండలు నునుపు. అన్న తమ్ముడు అప్పులు చేసి, ఏజెంటుకు కట్టి, కెనడా చేరాడు. అంతకు ముందే, 2010లో, 492 మంది తమిళులు సన్ సీ అనే ఓడలో కెనడా తీరానికి వెళితే చాలామందిని నెలల తరబడి నిర్బంధంలో పెట్టారు. ఇతన్ని నిర్బంధించలేదు కానీ కేసు ఏళ్లు నడిచింది. అక్కడ విచారణలో జరిగిందంతా తేదీలతో సహా చెప్పాలి. ఒకచోట చెప్పిన నెల ఇంకోచోట తేడా వస్తే, చెప్పేదంతా కట్టుకథేమో అని అనుమానిస్తారు. చిన్నప్పుడు అమ్మ కొంగు పట్టుకుని చీకట్లో పడవెక్కినవాడికి తేదీ ఎలా గుర్తుంటుంది? వాళ్లావిడ ఇక్కడ నర్సింగ్ చదివింది, అక్కడ ఆ చదువు చెల్లలేదు, హోటల్లో గదులు శుభ్రం చేసేది. ఏడేళ్ల కూతురు డాక్టరు దగ్గర తల్లి జబ్బు గురించి ఇంగ్లీషులో చెప్పాల్సి వచ్చేది.

కేసు నడుస్తుండగానే ఇక్కడ వాళ్లమ్మ పోయింది. దేశం దాటితే మళ్లీ లోపలికి రానివ్వరు, కాబట్టి రాలేకపోయాడు. అంత్యక్రియలు జరుగుతున్నంతసేపూ ఫోన్ నా చేతిలో ఉంది. అటువైపు అతను మంచులో, బస్ స్టాపులో నిలబడి చూస్తున్నాడు, డ్యూటీకి వెళ్లే టైమది. తర్వాత కేసు గెలిచాడు, ఇప్పుడు అక్కడి పౌరుడు. పాస్‌పోర్టు చేతికి రాగానే మొదట వచ్చింది వేలూరుకే.

ఇక మీ రెండో ప్రశ్న. అక్కడ ఎవరైనా చనిపోయారా, పులుల్లో ఉన్నారా, ఎప్పుడు తిరిగి వెళ్తారు, ఈ మూడూ అడగకండి. వాళ్లంతట వాళ్లు చెబితే వినండి. భారత్, శ్రీలంక 1964లో చేసుకున్న ఒప్పందం ప్రకారం భారత పౌరసత్వంతో తిరిగొచ్చిన, అక్కడి తేయాకు తోటల్లో పనిచేసిన భారత మూలాల కుటుంబాలు వేరు, యుద్ధంలో పారిపోయి వచ్చినవాళ్లు వేరు. అందరినీ ఒకే గాటన కట్టి, మీకు అన్నీ ఇచ్చారుగా అంటే వాళ్లకు చాలా బాధేస్తుంది.

కూలి విషయంలో గట్టిగా ఉండండి. వీళ్లు ఎవరికీ ఫిర్యాదు చేయలేరన్న ధైర్యంతో కొందరు మేస్త్రీలు మామూలు కూలి కంటే తక్కువ ఇస్తారు. మీరు ఓనరో, ఓనరుకు తెలిసినవాళ్లో అయితే మనిషికి ఎంత ముడుతోందో నేరుగా వాళ్లనే అడగండి. తనిఖీ రోజు ఎప్పుడో ముందే కనుక్కుని పనిని దానికి తగ్గట్టు సర్దుకోండి. వాళ్లలో చదువుకున్న కుర్రాళ్లెవరైనా ఉంటే, పౌరసత్వం కాగితం అడగని పనులు లెక్కలు రాసేచోట, ట్యూషన్లలో ఉంటాయి, మీకు తెలిసినచోట ఒక మాట వేయండి. అన్న కొడుకు ఇప్పుడు వేలూరులో ఒక ఆడిటర్ దగ్గర పని చేస్తున్నాడు. ఆ పని వాడికి అలా ఒకరు చెప్పబట్టే దొరికింది.