తీర్పుల సంపుటాలు అప్పు చేసి కొనాలా?

ప్రశ్న: మా అమ్మాయి నెల్లూరులో ఐదేళ్ల లా కోర్సు మూడో ఏడాది చదువుతోంది. సుప్రీంకోర్టు తీర్పుల పాత సంపుటాలు ఎవరో అమ్ముతున్నారట, అప్పు చేసైనా కొనమంటోంది. కొంటే కెరీర్‌కు పనికొస్తాయా? – ఒక తండ్రి, కావలి

జవాబు: అప్పు చేయకండి. సుప్రీంకోర్టు తానే అధికారికంగా వెలువరించే సంపుటాలను ‘సుప్రీంకోర్టు రిపోర్ట్స్’ అంటారు. లాయర్ల నోట అది ఎస్‌సీఆర్. 1950 నుంచి వచ్చిన ఈ తీర్పులను 2023 జనవరిలో ఆన్‌లైన్‌లో మొదలైన ఈ-ఎస్‌సీఆర్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. కొన్నిటికి తెలుగు అనువాదాలూ ఉన్నాయి. ఏఐఆర్ (ఆల్ ఇండియా రిపోర్టర్), ఎస్‌సీసీ (సుప్రీంకోర్టు కేసెస్) తీర్పులు అచ్చువేసే ప్రైవేటు ప్రచురణలు. కోర్టులో ఎస్‌సీసీ నంబర్లు తరచూ వినిపిస్తాయి కాబట్టి వాటిని లైబ్రరీలో చూసుకుంటే సరిపోతుంది.

అమ్మాయికి కావాల్సింది తీర్పు చదివే అలవాటు. ‘(1997) 2 ఎస్‌సీసీ 87’ తీసుకోమనండి. 1997లో రెండో సంపుటం, 87వ పేజీ అని దానర్థం. మన తీరంలో రొయ్యల చెరువులున్న ప్రతి ఊరికీ సంబంధించిన ఎస్. జగన్నాథ్ కేసు అది. తీర్పు వచ్చింది 1996 డిసెంబరు 11న, సైటేషన్‌లో, అంటే తీర్పును గుర్తించే ఆ నంబరులో ఉన్నది అచ్చయిన ఏడాది. చాలామంది ఇక్కడే తేదీ తప్పు రాస్తారు.

ముందు హెడ్‌నోట్ (తీర్పు మొదట్లో అచ్చువేసే సారాంశం) చూడకుండా తీర్పంతా చదవాలి. కేసు సంగతులు, కోర్టు ముందున్న ప్రశ్న, తేల్చిన విషయం, అది ఏ పేరాలో ఉందో ఒక్క పేజీలో రాయాలి. ఆ తర్వాత హెడ్‌నోట్‌తో పోల్చుకోవాలి. హెడ్‌నోట్ సంపాదకులు రాసేది, తీర్పులో భాగం కాదు. దాన్ని కోర్టులో చదివితే జడ్జిగారు అసలు పేరా చూపించమంటారు.

పిల్లలు ఎక్కువగా పొరపడేది ఇంకోచోట. తీర్పులో లాయర్ల వాదనలు పేజీలకు పేజీలు ఉంటాయి. వాటినే కోర్టు మాటగా ఎత్తి రాసేస్తారు. రాజ్యాంగ సవరణలకు హద్దులు తేల్చిన కేశవానంద భారతి కేసులో 13 మంది జడ్జీలు 7–6గా చీలారు. అలాంటి చోట ఆ వాక్యం ఎవరిదో చూడకుండా వాడకూడదు. తీర్పు తర్వాత చట్టం మారిందేమో కూడా చూడాలి. జగన్నాథ్ తీర్పు తర్వాత 2005లో పార్లమెంటు తీరప్రాంత చెరువుల సాగుపై కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసింది. తీర్పొక్కటే చూసి చెరువు రైతుకు సలహా ఇస్తే ఆయన నష్టపోతాడు.

ఈ సాధనకు నేరుగా ఉద్యోగాలున్నాయి. సుప్రీంకోర్టు లా క్లర్కుల (జడ్జీలకు పరిశోధనలో సాయపడేవారు) ఎంపికకు చివరి ఏడాది విద్యార్థులూ దరఖాస్తు చేసుకోవచ్చు. అందులో చదివి అర్థం చేసుకోవడం, విశ్లేషించి రాయడం పరీక్షిస్తారు. తీర్పులు ప్రచురించే సంస్థల్లో హెడ్‌నోట్‌లు రాసే ఎడిటర్ల పనీ ఉంది. నెల్లూరు, ఒంగోలు కోర్టుల్లో ప్రాక్టీసు పెట్టినా ఇదే అక్కరకొస్తుంది.

డబ్బు పెట్టాలనుకుంటే కొత్త క్రిమినల్ చట్టాల బేర్ యాక్ట్‌లు (వ్యాఖ్యానం లేకుండా చట్టం పాఠం మాత్రమే ఉండే పుస్తకాలు) కొనివ్వండి. 2024 జులై 1 నుంచి సెక్షన్ల నంబర్లు మారాయి, పాత తీర్పుల్లో ఐపీసీ 302గా కనిపించే హత్య సెక్షన్ ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 103.