ఆటిజం థెరపీకి ఏడాది డబ్బు ముందే కట్టేశారా?

ప్రశ్న: మా బాబుకు మూడున్నరేళ్లు. నాలుగు నెలల క్రితం ఆటిజం అని డాక్టర్ చెప్పారు. ఏదైనా కావాలంటే నా వేలు పట్టుకుని ఫ్రిజ్ దాకా లాక్కెళ్తాడు, నోరు తెరిచి మాత్రం అడగడు. ఆ రోజు నుంచి నేనూ నా భార్యా రాత్రిళ్లు ఫోన్‌లో వెతుకుతూనే ఉన్నాం. ఏడాది ప్యాకేజీ డబ్బు ముందే కడితే తగ్గింపు ఇస్తామని ఒక సెంటర్ వాళ్లు అన్నారు. ఆరు నెలల ఖర్చులకని దాచుకున్నదంతా కట్టేశాం. చాలనిది క్రెడిట్ కార్డు మీద తీశాం. ఆ బాకీ ఇప్పుడు నా రెండు నెలల జీతమంత ఉంది, వడ్డీ నెలకు 3 శాతం. బాబును చూసుకోవడానికి నా భార్య ఉద్యోగం మానేసింది. ఇప్పుడు ఇంకొకరు స్టెమ్ సెల్ (మూలకణాల) చికిత్స చేయిస్తే మాటలు వస్తాయంటున్నారు, ఐదేళ్లు దాటితే లాభం లేదంటున్నారు. ఇంటి లోన్ మీద టాప్-అప్ తీసుకోమంటారా, రిటైర్మెంట్ డబ్బు తీయమంటారా?

జవాబు: రెండూ వద్దు. స్టెమ్ సెల్ కోసం ఒక్క పైసా కూడా అప్పు చేయకండి.

మీ ప్రశ్నకు ఇంత వివరంగా జవాబు రాయడానికి కారణం ఉంది. ఆటిజం అని తెలిసిన కొత్తలో తల్లిదండ్రులు ఈ తప్పు చేయడం మళ్లీమళ్లీ చూస్తున్నాను. సరైన సమాచారం చేతికి రాకముందే డబ్బు చేయి దాటిపోతుంది. భయంలో ఉన్నప్పుడు ముందుగా ఎవరు ధైర్యం చెబితే వాళ్లకే కట్టేస్తాం. మిమ్మల్ని తప్పుపట్టడం లేదు. బిడ్డ మీద ఉన్న ప్రేమను చూసి బేరానికి దిగేవాళ్ల మీదే నా కోపం.

ముందు ఆ ఐదేళ్ల గడువు సంగతి చూద్దాం, ఎందుకంటే మీ చేత అప్పు చేయిస్తున్నది అదే. త్వరగా మొదలుపెడితే మంచిదన్న మాట నిజం. ఫలానా పుట్టినరోజుకు తలుపు మూసుకుపోతుందన్నది మాత్రం నిజం కాదు. నాలుగేళ్లకు కూడా పదాలు కలిపి మాట్లాడలేకపోయిన 535 మంది ఆటిజం పిల్లల వివరాలను అమెరికాలో పరిశీలించి 2013లో ప్రచురించారు. ఎనిమిదేళ్లు, ఆపైన వయసు వచ్చేసరికి వాళ్లలో 70 శాతం మంది కనీసం రెండు మూడు పదాలు కలిపి మాట్లాడుతున్నారు. దాదాపు సగం మంది ధారాళంగా మాట్లాడుతున్నారు. మీ బాబుకు ఇంకా నాలుగేళ్లు కూడా నిండలేదు. గడువు చూపించి ఈ వారమే డబ్బు కట్టమనేవాళ్ల దగ్గర నుంచి లేచి వచ్చేయండి.

ఇక స్టెమ్ సెల్. అది ఆటిజానికి పనిచేస్తుందని రుజువు కాలేదు. అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీ వాళ్లు 180 మంది పిల్లల మీద, స్టెమ్ సెల్స్ ఉండే బొడ్డుతాడు రక్తంతో ట్రయల్ చేశారు. ఆ ఫలితాలు 2020లో వచ్చాయి. ఏ మెరుగుదల కోసమైతే ట్రయల్ పెట్టారో, ఆ ప్రధాన కొలమానంలో అసలు చికిత్సకూ ఉత్తుత్తి మందుకూ తేడా తేలలేదు.

"మరి వాళ్లు చూపించిన వీడియోలో ఆ పాప మాట్లాడుతోంది కదా" అని మీరు అడగవచ్చు. 1998లో సెక్రెటిన్ అనే హార్మోన్ ఇంజెక్షన్ గురించి ఇలాగే ప్రచారం జరిగింది. తల్లిదండ్రులు దాని కోసం ఎగబడ్డారు. మరుసటి ఏడాది 60 మంది పిల్లలతో పరీక్ష చేశారు. కొందరికి సెక్రెటిన్, మిగతావాళ్లకు ఉప్పునీళ్లు ఇచ్చారు. ఎవరికి ఏది ఇచ్చారో తల్లిదండ్రులకు చెప్పలేదు. నాలుగు వారాల్లో రెండు గుంపుల పిల్లలూ మెరుగుపడినట్టు కనిపించారు. పిల్లలు ఎదుగుతుంటారు, మనం ఆశగా చూస్తుంటాం, కొత్త మార్పు కనిపిస్తుంది. ఫలితం చెప్పిన తర్వాత కూడా ఆ తల్లిదండ్రుల్లో 69 శాతం మంది ఆ ఇంజెక్షన్ మీద ఆసక్తి వదులుకోలేదు. ఆశకు ఉన్న బలం అది. అందుకే ఆశతో ఉన్నప్పుడు లోన్ పేపర్ల మీద సంతకం పెట్టకూడదంటాను.

ఇప్పుడు నేను అసలు గట్టిగా చెప్పాలనుకున్న విషయానికి వస్తాను. మీరు చేసిన పెద్ద తప్పు థెరపీకి ఖర్చుపెట్టడం కాదు, అత్యవసర నిధిని సున్నా చేసుకోవడం. నాలుగు నెలల క్రితం మీ ఇంట్లో రెండు జీతాలు ఉన్నాయి, చేతిలో ఆరు నెలల ఖర్చులు ఉన్నాయి. ఈ రోజు ఒకటే జీతం, చేతిలో ఏమీ లేదు, పైన కార్డు బాకీ. ఆటిజం ఒక ఆపరేషన్‌తో తీరిపోయే ఖర్చు కాదు. ఏళ్ల తరబడి నెలనెలా వచ్చే ఖర్చు. ఇందులో ఒకేసారి ఎంత కట్టారన్నదాని కంటే, నెల తప్పకుండా ఎన్నాళ్లు కట్టగలరన్నదే ముఖ్యం.

నా దగ్గరికి వచ్చిన ఒక జంట గుర్తొస్తున్నారు. ఆయన ప్లాస్టిక్ కవర్‌లోంచి రసీదుల కట్ట తీసి టేబుల్ మీద పెట్టారు. వాటి మధ్యలోంచి బాబు వాడే బొమ్మ కార్డు ఒకటి జారిపడింది, మంచినీళ్ల గ్లాసు బొమ్మ ఉన్నది, వెనక వెల్‌క్రో ముక్క. ఆవిడ గబుక్కున దాన్ని తీసి బ్యాగులో పెట్టుకున్నారు. దాహం వేస్తే బాబు ఆ కార్డు తెచ్చి చేతిలో పెడతాడట. ఏడాది ఫీజు కట్టిన ఏడో నెలలో ఆయన ఉద్యోగం పోయింది. ఊరు మారాల్సి వచ్చింది. సెంటర్ వాళ్లు మిగిలిన డబ్బు వెనక్కి ఇవ్వలేదు. కొత్త చోట థెరపిస్ట్‌కు కట్టడానికి చేతిలో ఏమీ లేక బాబుకు తొమ్మిది నెలలు సెషన్లు ఆగిపోయాయి. ఆ డబ్బు వాళ్ల ఖాతాలో ఉండి ఉంటే ఒక్క వారం కూడా ఆగేది కాదు.

కాబట్టి మీరు చేయాల్సింది ఇది. సెంటర్‌కు వెళ్లి ప్యాకేజీని నెలవారీ ఫీజుకు మార్చి, వాడుకోని సెషన్ల డబ్బు వెనక్కి ఇవ్వమని అడగండి. నోటిమాటతో సరిపెట్టకుండా రాసి ఇచ్చి, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి. తగ్గింపు పోతే పోనివ్వండి. వచ్చిన డబ్బులో రెండు నెలల ఖర్చు పక్కన పెట్టి, మిగతాదంతా కార్డుకు కట్టేయండి. నెలకు 3 శాతం అంటే చిన్నగా వినిపిస్తుంది గానీ, చక్రవడ్డీతో ఏడాదికి 42 శాతం దాటుతుంది. ఇంత వడ్డీ కడుతూ ఏ థెరపీనీ ఎక్కువ కాలం నడపలేరు. కార్డు తీరేదాకా కొత్త అప్పు మాటే వద్దు.

ఆ తర్వాత నిధిని పన్నెండు నెలలకు పెంచుకుంటూ పోండి. అందరికీ ఆరు నెలలు చెప్పే నేను మీకు పన్నెండు చెబుతున్నానంటే, మీది ఒకే జీతం మీద నడుస్తున్న ఇల్లు, పైగా ఆపడానికి వీల్లేని ఖర్చు ఉంది. ఒక నెల ఖర్చు లెక్క వేసేటప్పుడు థెరపీ ఫీజు, రానుపోను ఛార్జీలు, బాబు కోసం మీరు పెట్టే జీతం లేని సెలవులు కూడా కలపండి. చాలామంది ఈ మూడూ మర్చిపోతారు.

సమాచారం కోసం రాత్రిళ్లు ఫోన్ పట్టుకోవడం ఆపేయండి. డయాగ్నసిస్ ఇచ్చిన డాక్టర్ దగ్గర ఇంకో అపాయింట్‌మెంట్ తీసుకుని ప్రశ్నలు రాసుకుని వెళ్లండి. బాబుకు ముందుగా కావాల్సింది స్పీచ్ థెరపీనా, తినడం, బట్టలు వేసుకోవడం లాంటి రోజువారీ పనులు నేర్పే ఆక్యుపేషనల్ థెరపీనా? వారానికి ఎన్ని సెషన్లు? మూడు నెలల తర్వాత ఏం మారిందో దేన్నిబట్టి కొలుస్తారు? ఈ ఆఖరి ప్రశ్నకు జవాబు చెప్పలేని సెంటర్‌కు డబ్బు కట్టకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ రెండు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల తల్లిదండ్రుల కోసం ప్రత్యేకంగా శిక్షణ కార్యక్రమం తయారుచేసింది. ఆటలోనూ ఇంటి పనుల్లోనూ బిడ్డతో సంభాషణ ఎలా పెంచాలో అందులో నేర్పిస్తారు. ఆన్‌లైన్‌లో ఉచితం. బాబు మీ వేలు పట్టుకుని ఫ్రిజ్ దాకా తీసుకెళ్తున్నాడంటే మీతో ఏదో చెబుతున్నట్టే కదా! అక్కడి నుంచి ఇంకో మెట్టు ఎలా ఎక్కించాలో మీరిద్దరూ నేర్చుకోగలరు.

తల్లిదండ్రుల బృందాల్లో పదిహేను, ఇరవై ఏళ్ల పిల్లలున్నవాళ్లను వెతికి పట్టుకుని, దేనికి పెట్టిన డబ్బు పనికొచ్చింది, దేనికి పెట్టింది వృథా అయింది అని అడగండి. ఏ సలహా విన్నా ఒకటి చూసుకోండి: ఇది నేను నమ్మితే డబ్బు ఎవరికి వెళ్తుంది?

మీ పేరు మీద టర్మ్ పాలసీ (మనిషి పోతే ఇంటికి డబ్బు వచ్చే జీవిత బీమా) లేకపోతే ఈ నెలలోనే తీసుకోండి. మీ ఆవిడ పేరు మీద కూడా. ఆమెకు ఇప్పుడు జీతం లేకపోవచ్చు, కానీ ఆమె చేస్తున్న పనికి మనిషిని పెట్టాలంటే ఎంతవుతుందో ఆలోచించండి. హెల్త్ పాలసీలో బాబు డయాగ్నసిస్ దాచకండి, దాస్తే అవసరమైనప్పుడు క్లెయిమ్ ఇవ్వకపోవచ్చు. బాబు పేరు మీద ట్రస్ట్, గార్డియన్ ఏర్పాటు గురించి లాయర్‌తో మాట్లాడాలి, అది వచ్చే ఏడాది పని. మ్యూచువల్ ఫండ్లలో మదుపు అంటారా, అది అత్యవసర నిధి నిండాకే. రిటైర్మెంట్ డబ్బు జోలికి వెళ్లకండి.

రేపు సెంటర్‌కు వెళ్లేటప్పుడు అగ్రిమెంట్ కాపీ తీసుకెళ్లండి. రీఫండ్ గురించి రాసిన పేరా ఎక్కడుందో ఈ రాత్రే చదివి గీత గీసి పెట్టుకోండి.