పెరట్లో పొగబండి: మే నెలలో కలవొచ్చా?

ప్రశ్న: ఇంగ్లండ్‌లో ఉండే మా మేనల్లుడు అక్కడి తోట రైళ్ల వీడియోలు పంపాడు. ఎండాకాలం రాగానే ఎవరో ఒకరి తోటలో అందరూ కలిసి, నిజంగా ఆవిరితో నడిచే చిన్న ఇంజన్లను పగలంతా నడుపుతారట. నా దగ్గరా గ్యాస్ మంటతో ఆవిరి పుట్టించే ఇంజన్ ఒకటి, 45 మిల్లీమీటర్ల పట్టాలు (రెండు పట్టాల మధ్య ఎడం అంత) ఉన్నాయి. ఇదే పిచ్చి ఉన్న నలుగురిని మే నెలలో మా మామిడితోటకు పిలుద్దామనుకుంటున్నా. సరేనా?
- ఒక పాఠకుడు, జడ్చర్ల

జవాబు: తప్పకుండా పిలవండి. ఈ హాబీ ఉన్నవాళ్లు ఒకరికొకరు తెలియకుండానే ఉండిపోతున్నారు. కాకపోతే 'పగలంతా' అన్న మాట వదిలేయండి. వానా చలీ తప్పుతాయని వాళ్లు ఎండాకాలం కోసం చూస్తారు, మనకేమో మే అంటే 43, 44 డిగ్రీలు. మనుషుల సంగతి అలా ఉంచితే ఇంజన్‌కే కష్టం. 20 డిగ్రీల దగ్గర ఇంజన్‌లోని బ్యుటేన్ గ్యాస్ ట్యాంకులో ఉండే ప్రెషర్ 40 డిగ్రీలకు వచ్చేసరికి రెట్టింపు దాటుతుంది, మంట అదుపులో ఉండదు. గ్యాస్ నింపే డబ్బాలోంచి ఇంజన్‌లోకి గ్యాస్ దిగాలంటే ఇంజన్ ట్యాంకు డబ్బా కంటే చల్లగా ఉండాలి కాబట్టి, అప్పుడే నడిపిన ఇంజన్‌లో నింపబోతే సగం కూడా ఎక్కదు. తడిగుడ్డ చుట్టి పూర్తిగా చల్లారనివ్వండి, నింపేటప్పుడు చుట్టుపక్కల బీడీ, అగ్గిపుల్ల ఏదీ ఉండకూడదు.

పట్టాలు కూడా చూసుకోవాలి. 10 మీటర్ల ఇత్తడి పట్టా 40 డిగ్రీలు వేడెక్కితే 7, 8 మిల్లీమీటర్లు సాగుతుంది, జాయింట్ల దగ్గర సందు వదలకపోతే వంకర తిరుగుతుంది.

వీటన్నిటికంటే నాకు బాధనిపించేది ఒకటుంది. ఇంత కష్టపడి మధ్యాహ్నం నడిపితే, ఆ పొడి వేడిగాలిలో పొగగొట్టం నుంచి వచ్చే తెల్లటి ఆవిరి దాదాపు కనిపించదు! అందుకే తెల్లవారుజామున 5 గంటలకే మొదలుపెట్టి 8కి ఆపేయండి. తర్వాత చెట్ల నీడన ఇంజన్లు విప్పి చూసుకోండి, పార్టులు మార్చుకోండి, మాట్లాడుకోండి. సంక్రాంతి ముందు చలిలో ఇంకోసారి కలిస్తే ఆవిరి కన్నులపండువగా కనిపిస్తుంది.

బాయిలర్‌లో బోరునీళ్లు మాత్రం పోయొద్దు. మన దగ్గరి నీళ్లలో ఉప్పులెక్కువ, లోపల పెచ్చు కడతాయి. డిస్టిల్డ్ వాటరో, వడగట్టిన వాననీళ్లో వాడండి.

ప్రశ్న: మా దగ్గరి వెల్డింగ్ షాపులో రాగి గొట్టంతో బాయిలర్ చేయించుకోవచ్చా?
- ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: వద్దు. రాగి బాయిలర్ అతుకులకు వెండి కలిసిన సోల్డర్ వాడాలి, మామూలు సీసం సోల్డర్ అయితే నీళ్లు అయిపోయిన రోజున కరిగిపోతుంది. ఈ సైజు ఇంజన్లు చాలావరకు 40 పీఎస్ఐ దగ్గర నడుస్తాయి. కొత్త బాయిలర్‌ను దానికి రెట్టింపు ప్రెషర్‌తో, అదీ నీళ్లతోనే పరీక్షించాలి, గాలితో చేయకూడదు. కుక్కర్ వెయిట్‌లాగే దీనికీ సేఫ్టీ వాల్వ్ ఉంటుంది, దాన్ని బిగించే ప్రయోగం ఎప్పుడూ చేయకండి. పరీక్ష చేసిన బాయిలర్ కొనుక్కోండి, డబ్బు ఎక్కువైనా సరే.

ప్రశ్న: మా నాన్నగారు మీటర్ గేజ్ ఇంజన్ల మీద ఫైర్‌మన్‌గా చేశారు. ఆ ఇంజన్ మోడల్ 45 మిల్లీమీటర్ల పట్టాలకు సరిపోతుందా?
- ఒక పాఠకురాలు, మహబూబ్‌నగర్

జవాబు: సరిగ్గా సరిపోతుందమ్మా. 1968లో జర్మనీలో ఎల్‌జీబీ కంపెనీ తోట రైళ్లు తెచ్చినప్పుడు తీసుకున్న స్కేలు 1:22.5, అంటే అసలు సైజులో 22.5వ వంతు. మీటర్ గేజ్ పట్టాల మధ్య ఉండే మీటరు ఎడాన్ని ఆ లెక్కన తగ్గిస్తే 44.4 మిల్లీమీటర్లు వస్తుంది. సికింద్రాబాద్ నుంచి మీ ఊరి మీదుగా 1916లో గద్వాల దాకా వేసిన లైన్ మీటర్ గేజే కదా! కాబట్టి మీ లైన్ మోడల్‌కు ఇంతకంటే తగిన పట్టా లేదు. మీటర్ గేజ్ ప్యాసింజర్ బండ్లు లాగిన వైపీ ఇంజన్ అయితే ఇంకా బాగుంటుంది, వాటిని జంషెడ్‌పూర్‌లో మన టెల్కోవాళ్లూ (ఇప్పటి టాటా మోటార్స్) తయారు చేశారు. డ్రాయింగులు చూసే ముందు నాన్నగారిని కూర్చోబెట్టి, ఏ హ్యాండిల్ ఎటువైపు ఉండేదో, బొగ్గు ఎలా వేసేవారో అడిగి రాసుకోండి, అవి డ్రాయింగుల్లో దొరకవు. వైపీ పొడుగైన ఇంజన్, 60 సెంటీమీటర్ల రేడియస్ ఉన్న బొమ్మ రైలు వంపుల్లో తిరగదు. పెరట్లో జాగా ఉంటే 3 మీటర్ల రేడియస్‌తో పట్టా వేయించండి.