రాత్రి రెండింటికి ఏరేటర్ స్పీడ్ తగ్గించిందెవరు?

ఆకివీడు దగ్గర రొయ్యల చెరువులు చేసే ఓ రైతు ప్రశ్న: "ఏరేటర్లకు (చెరువు నీటిలో గాలి కలిపే తెడ్డు చక్రాలకు) వీఎఫ్‌డీ డ్రైవ్ (కరెంటు ఫ్రీక్వెన్సీ మార్చి మోటారు వేగాన్ని పెంచే, తగ్గించే పెట్టె) పెట్టించాం. బిల్లు తగ్గింది, స్పీడ్ ఫోన్‌లోనే మారుస్తున్నాం. మొన్న రాత్రి 2.10కి 48 హెర్ట్జ్ కాస్తా 20కి పడిపోయింది. కరెంటు పోలేదు. యాప్‌లో ఎవరో మార్చినట్టే చూపిస్తోంది, మా ఇంట్లో ఎవరూ ముట్టుకోలేదు. కాపలా మనిషి చూసి పెంచాడు. డ్రైవ్ పాడైందా?"

పాడవలేదండీ. ఎవరో చెప్పారు, అది విన్నది. ఆ ఎవరో ఎలా వచ్చారన్నదే నాకు టెన్షన్.

పోయిన నెల కాళ్ల వైపు ఓ చెరువు గట్టు మీద ప్యానెల్ తలుపు తీస్తే, లోపలి రేకు మీద మార్కర్‌తో రాసి ఉంది: 1234. దాని కింద డ్రైవ్ బిగించినాయన ఫోన్ నంబరు. ఆయన ఇంకెన్ని గట్ల మీద అదే పాస్‌వర్డ్‌తో బిగించాడో! ఆ ఫోన్ ఎక్కడైనా పోతే, దొరికినవాడి చేతిలో ఎన్ని చెరువులున్నట్టు?

20 హెర్ట్జ్‌కి 1440 తిరిగే మోటారు 600 లోపు తిరుగుతుంది. తెడ్డు చక్రం నీటికిచ్చే శక్తి దాదాపు వేగం ఘనంలో తగ్గుతుంది కాబట్టి, అక్కడ పదో వంతు పని కూడా జరగదు. రాత్రంతా నాచు కూడా ఆక్సిజన్ తాగేస్తుంది, తెల్లవారుజామున డీఓ, అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్, అడుగంటుతుంది. కౌంట్‌కొచ్చిన, అంటే పట్టుబడి సైజుకొచ్చిన రొయ్య చచ్చి తేలడానికి ఆ రెండు మూడు గంటలు చాలు. పైగా మీ ఫోన్ మోగదు. యాప్‌లోని అలారం మోటారు ఆగితేనే మోగుతుంది, 20 హెర్ట్జ్‌లో మోటారు తిరుగుతూనే ఉంది కదా.

2010లో బయటపడిన స్టక్స్‌నెట్ అనే కంప్యూటర్ వైరస్ చేసింది ఇదే. ఇరాన్‌లోని నతాంజ్ అణు కేంద్రంలో యురేనియం శుద్ధికి వాడే సెంట్రిఫ్యూజ్ యంత్రాలను తిప్పే డ్రైవ్‌ల ఫ్రీక్వెన్సీని ఓసారి 1410 హెర్ట్జ్‌కి ఎక్కించింది, ఓసారి 2కి దించింది. ఆపరేటర్లకు మాత్రం స్క్రీన్ మీద అంతా మామూలుగానే కనిపించింది. అక్కడ అంత తెలివైన వైరస్ కావాల్సి వచ్చింది, మన గట్టు మీద నాలుగంకెలు చాలు. పెట్టెలన్నింటికీ ఒకే పాస్‌వర్డ్ పెట్టి, దాన్ని మాన్యువల్‌లో అచ్చేసి, మార్చమని ఒక్కసారి కూడా అడగకుండా అమ్మేవాళ్ల మీద నాకు చాలా కోపంగా ఉంది. లక్షల పంట దాని మీద ఆధారపడిందని వాళ్లకు తెలియదా?

ఈ రోజే పాస్‌వర్డ్ మార్చండి, బిగించినాయన లాగిన్ తీసేయండి. ఆ తర్వాత డ్రైవ్ సెట్టింగుల్లో కనీస ఫ్రీక్వెన్సీ అని ఉంటుంది. దాన్ని మీ చెరువుకు సరిపడా, 35 దగ్గరో 40 దగ్గరో పెట్టించి, ఆ సెట్టింగులు ఎవరూ మార్చకుండా పారామీటర్ లాక్ వేయించండి. యాప్‌లోంచి ఆ సెట్టింగ్ మారుతోందేమో ప్రయత్నించి చూడండి. మారితే రాత్రిపూట కంట్రోల్‌ను ప్యానెల్ మీదికి, అంటే లోకల్‌కి తిప్పేయండి. ఫోన్ చేసి మోటారు ఆన్, ఆఫ్ చేసే సిమ్ స్టార్టర్లు వాడేవాళ్లు అందులో ఎక్కించిన నంబర్లన్నీ ఒకసారి చదవండి. మానేసిన పనివాడి నంబరు ఉండొచ్చు. మీరే వదిలేసిన పాత నంబరు ఈపాటికి ఇంకొకరి జేబులో ఉండొచ్చు.

మండపేట నుంచి ఒక రైస్‌మిల్లు ఆయన: "డ్రైవ్ పెట్టిన దగ్గర్నుంచి ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్త్‌లోకి కారితే సప్లై ఆపేసే రక్షణ స్విచ్) మాటిమాటికీ పడిపోతోంది. ఎలక్ట్రీషియన్ తీసేద్దామంటున్నాడు."

తీయొద్దు. డ్రైవ్ సెకనుకు వేలసార్లు స్విచ్ అవుతుంది, ఆ వేగానికి ఫిల్టర్ గుండా, కేబుల్ గుండా కొంత కరెంటు ఎర్త్‌లోకి కారుతుంది. మామూలు ఆర్‌సీసీబీ దాన్ని షాక్ అనుకుని పడిపోతుంది. త్రీఫేజ్ డ్రైవ్‌కి బి టైప్ ఆర్‌సీసీబీ విడిగా వేయించండి, మోటారు కేబుల్ వీలైనంత పొట్టిగా ఉంచండి. పని చేసే ముందు మెయిన్ ఆపి, డ్రైవ్ మీద రాసినన్ని నిమిషాలు ఆగమని ఆ ఎలక్ట్రీషియన్‌కు చెప్పండి. మెయిన్ తీసేశాక కూడా లోపలి కెపాసిటర్లలో కాసేపు 580 వోల్టుల దాకా నిలిచి ఉంటుంది.